ఈ డాట్‌కామ్ ఎవరిదండీ?

ఆవకాయ, గోంగూర, పండుమిర్చి... అమ్మ చేతి పచ్చళ్లకు మంచి పేరొచ్చింది. ఊళ్లో అమ్మింది చాలు, అమెరికా దాకా పంపిద్దామనుకున్నాడు కొడుకు. దుకాణానికో చక్కటి పేరు పెట్టాడు. బోర్డు రాయించాడు, సీసాలకు లేబుళ్లు వేయించాడు. తీరా ఆ పేరుతో వెబ్‌సైట్ పెడదామని చూస్తే... అప్పటికే ఎవరో కొనేశారు! పోనీ అందులో ఏమైనా ఉందా అంటే అదీ లేదు. ఖాళీ పేజీ. ఎవరిదో, ఎవర్ని అడగాలో తెలియదు.

ఊళ్లో ఖాళీ స్థలమైతే ఇంత బెంగ ఉండదు. పక్కింటివాళ్లను అడుగుతాం, రిజిస్ట్రేషన్ ఆఫీసుకెళ్లి ఈసీ తీయిస్తాం. నెట్‌లోనూ అలాంటి చిట్టా ఒకటుంది. దాని పేరే 'హూ ఈజ్'... అంటే 'ఎవరు?' అని.

ఇది ఇప్పటిది కాదు. 1982లో, ఇంటర్నెట్‌కు తాతలాంటి ఆర్పానెట్ నడుస్తున్న రోజుల్లో, కాలిఫోర్నియాలోని ఎస్‌ఆర్‌ఐ సంస్థలో పుట్టింది. ఎలిజబెత్ ఫైన్లర్ అనే ఆవిడ నడిపిన కేంద్రం నెట్‌వర్క్ వాడేవాళ్ల పేర్లు, చిరునామాలు, ఫోన్ నంబర్లతో టెలిఫోన్ డైరెక్టరీలాంటిది తయారుచేసింది. డాట్‌కామ్‌లు వచ్చాక వాటి యజమానుల వివరాలూ అందులోకి చేరాయి.

ఆ వివరాలు మరిచిపోతే ఏమవుతుందో మైక్రోసాఫ్ట్‌కే అనుభవమైంది. 1999 క్రిస్మస్ రోజుల్లో చాలామందికి హాట్‌మెయిల్ తెరుచుకోలేదు. మైఖేల్ చానీ అనే అమెరికన్ ప్రోగ్రామర్ ఆరా తీస్తే, లాగిన్‌కు వాడే పాస్‌పోర్ట్ డాట్‌కామ్ రుసుము కట్టలేదని తేలింది. ఎంతో తెలుసా? 35 డాలర్లు! ఆయనే తన క్రెడిట్ కార్డుతో కట్టేశాడు. మైక్రోసాఫ్ట్ కృతజ్ఞతగా 500 డాలర్ల చెక్కు పంపింది.

అయితే చిట్టా అందరికీ కనిపించడంలో చిక్కూ ఉంది. డొమైన్ కొన్నవాళ్లకు 'సైటు మేం చేసిపెడతామండీ' అంటూ ఫోన్ల మీద ఫోన్లు. ఇంటి అడ్రసుతో సహా లోకానికి తెలిసిపోయేది. 2018 మే 25న ఐరోపాలో జీడీపీఆర్ చట్టం అమల్లోకి రావడంతో తెర పడింది. ఇప్పుడు చాలా డొమైన్లకు యజమాని పేరుండాల్సిన చోట 'గోప్యత కోసం తొలగించాం' అనే కనిపిస్తుంది. డాట్‌కామ్ లాంటివాటికి పాత హూ ఈజ్ స్థానంలో 2025 జనవరి 28 నుంచి ఆర్‌డాప్ అనే కొత్త పద్ధతి వచ్చింది.

మరి దారి లేదా అంటే... ఉంది. డొమైన్ల వ్యవహారం చూసే ఐకాన్ సంస్థ సైటు 'లుకప్ డాట్ ఐకాన్ డాట్ ఆర్గ్'లో పేరు కొట్టి చూడండి. యజమాని కనిపించకపోయినా, ఏ రిజిస్ట్రార్ దగ్గర కొన్నారు, ఎప్పుడు కొన్నారు, గడువు ఎప్పటిదాకా అన్నవి కనిపిస్తాయి. రిజిస్ట్రార్ ఓ ఫారమో, మారుపేరు ఈ-మెయిలో ఇవ్వాలి. దానికి రాస్తే ఉత్తరం యజమానికి చేరుతుంది, ఆయనెవరో మనకు తెలియకుండానే. జవాబివ్వాలా వద్దా అన్నది మాత్రం ఆయనిష్టం. అదృష్టం ఉంటే ఇంకో కిటికీ కూడా ఉంది. పాత వెబ్‌పేజీలను దాచే వేబ్యాక్ మెషీన్‌లో వెతికితే, ఒకప్పుడు ఆ సైటులో పెట్టిన ఫోన్ నంబరు దొరకొచ్చు.

ఉత్తరం రాయడమూ ఓ విద్యే. 'అయ్యా, ఈ పేరు లేకపోతే మా వ్యాపారమే సాగదు' అని రాశారో, ధర చెట్టెక్కి కూర్చుంటుంది. పేరు అమ్మే ఉద్దేశముందా అని రెండు ముక్కల్లో అడిగితే చాలు. బేరం కుదిరినా డబ్బు ముందే పంపేయొద్దు. పేరు చేతులు మారేదాకా సొమ్మును మధ్యవర్తి దగ్గర ఉంచే ఎస్క్రో సేవలున్నాయి. జవాబు రాకపోతే గడువు తేదీ చూసుకుని కాచుక్కూర్చోవచ్చు. కానీ ఆ తేదీ దాటిన మర్నాడే పేరు ఊడిపడదు. డాట్‌కామ్‌లో పాత యజమానికి మొదట కొంత వెసులుబాటు, రద్దు చేశాక మరో 30 రోజులు విడిపించుకునే అవకాశం, ఆపైన 5 రోజులు... అప్పుడుగానీ మిగతావారికి రాదు. ఈలోగా కొందరు రిజిస్ట్రార్లు వేలమూ వేసేస్తారు.

అవతలివాడు మన పేరునే వాడుకుంటుంటే సంగతి వేరు. హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్ అనుబంధ సంస్థగా మొదలైన సత్యం ఇన్ఫోవే 'సిఫీ' పేరుతో డొమైన్లు తీసుకుంది. తర్వాత మరో కంపెనీ ఒక 'ఎఫ్' అదనంగా చేర్చి 'సిఫ్ఫీనెట్' అంది. అదేమిటంటే మా అయిదుగురు భాగస్వాముల పేర్లలో మొదటి అక్షరాలండీ అని వాదించింది! సుప్రీంకోర్టు నమ్మలేదు. ట్రేడ్‌మార్కులాగే డొమైన్ పేరుకూ రక్షణ ఉంటుందని 2004లో తీర్పిచ్చింది. కోర్టు దాకా వెళ్లకుండా తేల్చుకోవడానికి డాట్‌కామ్‌లకు 1999 నుంచి యూడీఆర్‌పీ, మన డాట్ ఇన్‌లకు 2005 నుంచి ఐఎన్‌డీఆర్‌పీ అనే విధానాలున్నాయి. అయితే పేరు మీద మన హక్కు, అవతలివాడి దురుద్దేశం రెండూ చూపించాలి. మీకన్నా పదేళ్లు ముందే కొనుక్కున్నవాడి మీద ఇవి పారవు.

ఇంతకీ... ఇప్పటికే వెబ్‌సైట్ ఉన్నవాళ్లు, అది ఎవరి పేరిట ఉందో ఎప్పుడైనా చూశారా? చాలా దుకాణాలకు డొమైన్ కొనేది సైటు చేసిపెట్టిన కుర్రాడే. తన ఈ-మెయిల్‌తో, తన పేరుతో కొంటాడు. మోసం చేయాలని కాదు, సులువుగా అయిపోతుందని. నాలుగేళ్లకు ఉద్యోగం వచ్చి వెళ్లిపోతాడు, ఫోన్ నంబరు మారుస్తాడు. గడువు హెచ్చరికలన్నీ ఎవరూ తెరవని ఆ మెయిల్‌కే పోతుంటాయి. అతని నంబరు ఇంకా పనిచేస్తుండగానే ఓసారి పలకరించి, ఖాతా మీ పేరిట మార్పించుకోండి.