వేలు పెట్టి చూడలేని గేర్ బాక్సు

సాలూరులో గేర్ బాక్సు అంటే ఏమిటో ఎవరికీ చెప్పక్కర్లేదు. విశాఖ నుంచి రాయపూర్ పోయే దారిలో, సరిగ్గా కొండ మొదలయ్యేచోట ఉంది ఊరు. ఇక్కడ ఆ రోడ్డుకి ఒకప్పుడు 43 నంబరు, ఇప్పుడు 26. నంబరు ఏదైనా పి.కోనవలస ఘాట్ ఎక్కి సుంకి మీదుగా కొరాపుట్ చేరాల్సిందే. లారీల విషయంలో రాష్ట్రంలో విజయవాడ తర్వాత సాలూరు పేరే చెప్పుకుంటారు. బాడీ కట్టేవాళ్లు, కమాన్ కట్టలు వేసేవాళ్లు, గేర్ బాక్సు దించి అరుగు మీద విప్పదీసేవాళ్లు అందరూ ఇక్కడే దొరుకుతారు. 2022 ఏప్రిల్లో ఊరు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది. కారు సర్వీసుకి మాత్రం చాలామంది ఇంకా విజయనగరమో విశాఖో పోతున్నారు. షోరూములు జిల్లాల విభజనని అంతగా పట్టించుకోవు.

అలా వెళ్లొచ్చిన కారు బిల్లులో ఒక వరుస ఉంటుంది: ‘ట్రాన్స్‌మిషన్ ఆయిల్ చెక్డ్, ఓకే’. ఓకే అనేది కొలత కాదు. ఆయిల్ నిజంగా సరిపడా ఉందో లేదో చూడాలంటే ఎలా? షెడ్డులో మేస్త్రీని అడిగితే తడుముకోకుండా చెప్తాడు. “ఏటుంది బావూ, పక్క ప్లగ్గు ఇప్పి ఏలెట్టి సూసుకోవడవే!”

లారీకీ, క్లచ్ తొక్కి గేరు మార్చే మామూలు కారుకీ అతని మాట చాలావరకు నిజం. అలాంటి గేర్ బాక్సుకి రెండు ప్లగ్గులుంటాయి. అడుగున ఉండేది ఆయిల్ దించడానికి, పక్కన కాస్త ఎత్తులో ఉండేది పోయడానికి. చాలా బళ్లలో లెవల్ చూసేదీ ఈ పక్క ప్లగ్గులోంచే. బండి నాలుగు చక్రాలూ ఒకే ఎత్తులో ఉండాలి. ముందు చక్రాలని మాత్రమే జాకీ మీద లేపి చూస్తే ఆ లెవల్‌కి అర్థం లేదు, జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందకి దూరితే ప్రాణానికి భరోసా లేదు. ఇంజిన్ ఆపి, ఆయిల్ కిందకి దిగేదాకా కాసేపు ఆగి ప్లగ్గు విప్పాలి. చిటికెన వేలు లోపలికి పెట్టి కొన కిందకి వంచితే, రంధ్రం అంచు దగ్గరే ఆయిల్ తగలాలి. రెండు చుక్కలు కారితే కంగారు లేదు. ధార కడితే ఎక్కువ పోశారనో, బండి వాలుగా ఉందనో అనుకోవాలి. వేలు పొడిగా తిరిగొస్తే తక్కువైందన్నమాట. చిన్న కార్ల గేర్ బాక్సులో పట్టేదే సుమారు రెండు లీటర్లు కాబట్టి పావు లీటరు తగ్గినా లెక్కలోకి వస్తుంది.

దించే పని ఉంటే పై ప్లగ్గు కదిలిందని చూసుకున్నాకే కింద ప్లగ్గు ముట్టుకోవాలి. కిందది విప్పి ఆయిలంతా పారబోశాక పైది తుప్పుపట్టి రానంటే, ఖాళీ గేర్ బాక్సుతో బండి అక్కడే ఉండిపోతుంది.

ఎక్కువ పోస్తే మంచిదేగా అనే వాదన షెడ్డుల్లో బాగా వినిపిస్తుంది. మంచిది కాదు. పళ్లచక్రాలు ఆ ఆయిల్‌ని కవ్వం మజ్జిగని చిలికినట్టు చిలికి నురగ చేస్తాయి. నురగకి పట్టు ఉండదు, వేడి లాగే శక్తీ తగ్గుతుంది. పొంగింది గాలి గొట్టంలోంచో సీళ్ల దగ్గరో బయటికొస్తుంది. ఇంకో సంగతి, ఏ ఆయిల్ పోశారన్నది. లారీ షెడ్డులో అలవాటైన తొంభై నంబరు ఆయిల్ డబ్బా అందుబాటులో ఉంది కదా అని చిన్నకారులో పోయించుకోకూడదు. ఇప్పటి కార్లకి చాలావాటికి 75డబ్ల్యూ-80 లాంటి పల్చటి రకం రాస్తారు. జీఎల్-4 అని ఉన్నచోట జీఎల్-5 పోస్తే, అందులో ఎక్కువగా ఉండే గంధకపు మందులు గేర్లని కలిపే ఇత్తడి రింగుల్ని తినేసే ప్రమాదం ఉంది.

ఇంతవరకూ మేస్త్రీ మాట చెల్లింది. ఆటోమేటిక్ దగ్గరికి వచ్చేసరికి ఆ వేలు పనికిరాదు.

కారణం ఆటోమేటిక్‌లో ఆయిల్ చేసే పనుల్లో ఉంది. మామూలు బాక్సులో అది ముఖ్యంగా పళ్లకి పూత. టార్క్ కన్వర్టర్ ఉన్న ఆటోమేటిక్‌లో ఇంజిన్ బలాన్ని చక్రాల వైపు పంపేది అదే, లోపలి క్లచ్‌లని ఒత్తిడితో బిగించేది అదే, వేడిని కూలర్‌కి మోసుకెళ్లేదీ అదే. ఇంజిన్ నడుస్తుంటే పంపు ఆయిల్‌ని కన్వర్టర్‌లోకీ సందుగొందుల్లోకీ నింపుతుంది. ఆపగానే కొంత అడుగు తొట్టిలోకి జారిపోతుంది. అందుకే చాలా కంపెనీలు ఇంజిన్ నడుస్తుండగానే లెవల్ చూడమంటాయి. డిప్‌స్టిక్ ఉన్న కొన్ని హోండా ఆటోమేటిక్‌లలో మాత్రం ఇంజిన్ ఆపి, 60 నుంచి 90 సెకన్ల మధ్య చూడాలి. ఎవరి శాస్త్రం వాళ్లది. బండితో ఇచ్చిన పుస్తకం గ్లవ్ బాక్సులో కవరు విప్పకుండా పడి ఉంటుంది కాబట్టి ఈ తేడా ఓనర్లకి సాధారణంగా తెలియదు.

రెండోది వేడి. ఆరు లీటర్ల ఆయిల్ 30 డిగ్రీల నుంచి 90కి చేరితే సుమారు పావు లీటరు ఉబ్బుతుంది. అదే ఆయిల్ చల్లగా చూస్తే తక్కువ, వేడిగా చూస్తే ఎక్కువ. ఇప్పటి ఆటోమేటిక్‌లు చాలావాటికి డిప్‌స్టిక్కే లేదు. బండిని సమంగా లేపి, ఇంజిన్ నడుపుతూ, స్కానర్‌లో ఆయిల్ వేడి చూస్తూ, కంపెనీ చెప్పిన డిగ్రీల మధ్య ఉండగా లెవల్ ప్లగ్గు విప్పాలి. చాలా బళ్లలో అది 35, 45 ఆ చుట్టుపక్కల ఉంటుంది. సన్నటి ధార చుక్కలుగా మారే క్షణంలో ప్లగ్గు బిగించాలి. మే నెలలో సాలూరు నుంచి వెళ్లిన కారు సర్వీసు సెంటరు చేరేసరికి ఆయిల్ కాగి ఉంటుంది. అది 40కి చల్లారాలంటే గంటలు పడుతుంది. వెనక వరుసలో కార్లు నిలబడి ఉంటే ఎవరు ఆగుతారన్నది మీ ఊహకే వదిలేస్తున్నాను. వేడి మీద విప్పి మూస్తే ఉబ్బిన భాగమంతా కారిపోతుంది, చల్లారాక లెవల్ తక్కువే.

పైకి ఆటోమేటిక్‌లా కనిపించే ఏఎంటీ వేరే జాతి. 2014లో మారుతి సెలెరియోతో మన దగ్గర మొదలైన ఈ రకంలో లోపలున్నది మామూలు గేర్ బాక్సే. క్లచ్ తొక్కడం, గేరు మార్చడం ఒక యంత్రం చేస్తుంది. కాబట్టి గేర్ ఆయిల్ మామూలు బాక్సు పద్ధతిలోనే చూస్తారు. ఆయిల్ ఒత్తిడితో నడిచే యంత్రమైతే దానికి వేరే చిన్న డబ్బా, వేరే ఆయిల్ ఉంటాయి. అందులో బ్రేక్ ఆయిలో ఇంకోటో పోసి సర్దేయకూడదు. సీవీటీ అనే మరో రకం గేర్ బాక్సు ఆయిల్ కూడా అంతే, మామూలు ఆటోమేటిక్ ఆయిల్ దానికి బదులు కాదు.

ఇవన్నీ మనం చేయలేకపోయినా ఇంటి దగ్గర చూడగలిగినవి ఉన్నాయి. రాత్రి కారు కింద ఒక అట్టముక్క వేయండి. పొద్దున్నే ఎర్రగా, గులాబీ రంగులో మరక ఉంటే చాలావరకు అది ఆటోమేటిక్ ఆయిలే. నల్లగా ఉంటే ఎక్కువగా ఇంజిన్ ఆయిల్. రంగూ జిడ్డూ లేకపోతే ఏసీ నీళ్లు, భయపడకండి. పొద్దున మొదటిసారి డి లోకి వేశాక బండి కదలడానికి తటపటాయిస్తోందా, యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ అరుస్తూ వేగం రావడం లేదా అన్నవీ గమనించండి.

షోరూము వాళ్ల టెస్ట్ డ్రైవ్ చదును రోడ్డు మీద సాగుతుంది. తక్కువ ఆయిల్ అక్కడ దొరకదు, ఘాట్‌లో దొరుకుతుంది. లోడు లారీ వెనక నత్తనడకన ఎక్కుతుంటే కన్వర్టర్ జారుతూ వేడెక్కుతుంది. ఏటవాలులో, మలుపులో ఆయిల్ ఒక మూలకి పోతే పంపు గాలి పీలుస్తుంది, క్లచ్‌లు పట్టు తప్పుతాయి. సర్వీసయ్యాక మొదటి ప్రయాణమే కొరాపుట్‌కి పెట్టుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

అనుమానం వస్తే, వారంటీలో ఉన్న బండి ప్లగ్గుని మన షెడ్డులో ముట్టించకపోవడం మేలు. తర్వాత ఏ లోపం వచ్చినా ఆ పానా మీదకే తోసేస్తారు. తిరిగి షోరూముకే తీసుకెళ్లి జాబ్ కార్డులో ఫిర్యాదు రాయించి, మీ ఎదురుగా విప్పించండి. ప్లగ్గుకి కొత్త వాషరు వేయించండి. ఎన్ని లీటర్లు దించారు, ఎన్ని పోశారు అని అడగండి. ప్లగ్గు విప్పి దించితే కన్వర్టర్‌లోది చాలావరకు లోపలే ఉండిపోతుంది కాబట్టి, బిల్లులో మొత్తం కెపాసిటీ అంతా రాసి ఉంటే మిగతాది ఎక్కడికెళ్లిందని అడిగే హక్కు మీకుంది. చివరగా, ఎన్ని డిగ్రీల దగ్గర ప్లగ్గు మూశారని అడగండి. జవాబు అంకెల్లో వస్తే బండి తీసుకుని బయల్దేరండి. “అదంతా కంప్యూటరే చూసుకుంటుందండీ” అంటే, చాలా కార్లలో ఆ కంప్యూటర్‌కి ఆయిల్ వేడి తెలుస్తుంది గానీ లెవల్ తెలియదు. ఇంకో టీ చెప్పించుకుని అక్కడే కూర్చోండి.