ఫ్యాను తిరుగుతున్నా తెర మీద బొమ్మ ఎందుకు రాదు?

జంగారెడ్డిగూడెం ఎండల్లో ఏళ్లపాటు పనిచేసిన పాత కంప్యూటర్. ఆన్ చేస్తే ఫ్యాను తిరుగుతోంది, తెర మాత్రం నల్లగానే ఉంది. మానిటర్ పోయిందని అప్పుడే తేల్చేయకండి.

ముందు మానిటర్ లైటు, వీజీఏ కేబులు బిగింపు చూడండి. ప్లగ్గు పీకి, ర్యామ్ తీసి, దాని బంగారు రంగు అంచును పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది మళ్లీ పెట్టండి. చాలాసార్లు దీనితోనే బొమ్మ వచ్చేస్తుంది!

రాకపోతే ఎస్‌ఎంపీఎస్‌ని అనుమానించాలి. 230 వోల్టుల ఏసీని 12, 5, 3.3 వోల్టుల డీసీగా మార్చే డబ్బా అది. 12 వోల్టులకు బదులు 10 వచ్చినా ఫ్యాను తిరిగేస్తుంది. ప్రాసెసర్‌కు, గ్రాఫిక్స్ కార్డుకు అది చాలదు, 11.4 కన్నా తగ్గకూడదని ప్రమాణం.

ఎందుకు తగ్గుతుంది? ఆ డబ్బాలోని కెపాసిటర్లలో (విద్యుత్తును నిల్వ చేసే చిన్న డబ్బీల్లాంటి భాగాలు) ఉండే ద్రవం వేడికి ఏళ్ల తరబడి ఆరిపోతుంది కాబట్టి. మదర్‌బోర్డు మీద కూడా ఇవి ఉంటాయి. టార్చి వేసి చూడండి: చదునుగా ఉండాల్సిన మూత పూరీలా ఉబ్బి, గోధుమరంగు మరక కనిపిస్తే దొంగ దొరికినట్టే.

ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం మీరు విప్పొద్దు. ప్లగ్గు పీకాక కూడా అందులో 300 వోల్టులు నిలిచి ఉండవచ్చు. ఆ పని మెకానిక్‌కే వదిలేయండి.