ట్రాక్టరు ఎల్.ఇ.డి. బారు త్వరగా చెడుటకు కారణములు

రాత్రివేళ దమ్ము చేయు ట్రాక్టర్లకు ఎల్.ఇ.డి. దీపపు బారులు బిగించుట ఇప్పుడు పల్లెలలో సాధారణమైనది. కాలువనీరు వంతుగా వచ్చుచోట పగలు రాత్రి యని చూచుకొన వీలుండదు గదా. నడిచేలో దీపమాఱిన గట్టు కానరాదు, బాడుగ పోవును, మనిషికి అపాయమును గలదు. సార్వాలో కొన్న బారు దాళ్వాకే మసకబాఱినదని పలువురు మాతో చెప్పుకొనిరి. కావున ఇందలి కారణములను విశదపఱచుచున్నాము.

ఎల్.ఇ.డి. పాతబల్బువలె తీగ తెగి యొక్కసారిగా పోవునది కాదు. క్రమముగా వెలుగు తగ్గును. తొలి వెలుగు నూటికి 70 పాళ్లకు దిగువఱకు గల కాలమును దాని ఆయువుగా లెక్కింతురు. పెట్టెపై 50,000 గంటలని యుండుట చూచి సంతసింపరాదు. ఏటికి 400 గంటలు వెలిగించు రైతునకు అది 125 సంవత్సరములగును! ట్రాక్టరైనను అంతకాలముండునా? ఆ లెక్క గింజ చల్లగా నున్నప్పటిది.

వేడియే దీనికి శత్రువు. గింజకు వచ్చిన విద్యుత్తులో సగమో, అంతకెక్కువో వేడిగా మాఱును. ఆ వేడి వెనుకపలకలోనికి, అందుండి అల్యూమినియపు రెక్కలలోనికి, అచటినుండి గాలిలోనికి పోవలయును. రెక్కలు పలుచనైన వేడి గింజలోనే నిలిచి, నీలికాంతిని తెల్లగ మార్చు పసుపుపూత చెడును. చౌకబారులలో మఱియొక లోపము గలదు. చిన్నగింజలోనికి తాహతుకు మించిన కరెంటు పంపి, మొదటి రాత్రి మిక్కిలి తెల్లగ వెలుగునట్లు చేయుదురు. సంతలో ఎద్దును పరుగెత్తించి బేరము కుదుర్చుకొనుట వంటిదే యిది.

గింజలకు కరెంటును కొలిచి యిచ్చు సర్క్యూటును డ్రైవరందురు. అందలి కెపాసిటర్లకు 10 డిగ్రీల వేడి పెరిగిన ఆయువు సగమగునని ఇంజనీర్ల స్థూలపు లెక్క. మేము విప్పి చూచిన బారులలో గింజలు బాగుండియు, డ్రైవరు మాడియో, అంచు రబ్బరు వీడి నీరు చేరియో చెడినవే యెక్కువ. ఐ.పి. 67 అను గుర్తులో 6 యనగా దుమ్ము చొరదనియు, 7 యనగా మీటరు లోతు నీటిలో అరగంట మునిగినను చెడదనియు అర్థము. సర్వీసింగులో బలముగా కొట్టు నీటిధారకు ఆ గుర్తు పూచీ కాదు.

ఎక్కువ వాట్లు మేలా యని యడుగుదురు. వాట్లను ఓల్టులచే భాగించిన ఆంపియర్లు వచ్చును. 12 ఓల్టుల బ్యాటరీపై 120 వాట్ల బారు 10 ఆంపియర్లు లాగును. 180 వాట్లని వ్రాసిన బారు 4 ఆంపియర్లే లాగినచో అది నిజముగా 48 వాట్లదే. దుకాణములోనే డి.సి. క్లాంపు మీటరు పెట్టి చూపుమనుడు. నిజముగా పెద్ద వాట్లుగల బారునకు బరువైన రెక్కలుండి తీరవలెను. కారు వేగమునకు గాలి తగిలి చల్లబడును. దమ్ములో ట్రాక్టరు మెల్లగ నడచును, ఆ గాలి దొరకదు. కావున మా యభిప్రాయమున మంచి రెక్కలుగల 40 లేక 60 వాట్ల నికరమైన బారే రైతునకు తగినది.

బారునకు వేఱుగా రిలేయు, బ్యాటరీ చెంతనే ఫ్యూజును పెట్టించుడు. ఇంజను ఆడించునపుడు దీపమార్పి యుంచుడు. రెక్కల నడుమ ఎండిన బురదను వారమున కొకసారి మెత్తని కుంచెతో కడుగుడు. రోడ్డెక్కినపుడు బారు నార్పవలెను. ఎదురువచ్చువానికి కన్నులు చెదరును.