మెట్ట ఊళ్లకు కొత్త చిరునామా

జగ్గయ్యపేటలోనో నందిగామలోనో జియో సిమ్ వేసిన ఆండ్రాయిడ్ ఫోనులో, వైఫై ఆపి, సెట్టింగుల్లో ఐపీ అడ్రస్ వెతికితే సాధారణంగా రెండు రకాల సంఖ్యలు కనిపిస్తాయి. ఒకటి 2409తో మొదలై అంకెలూ అక్షరాలూ కలిసిన పొడవాటి వరస. రెండోది 192.0.0.4 లాంటి పొట్టిది. అసలు చిరునామా పొడవాటిదే. పొట్టిది పాత యాప్‌ల కోసం ఫోను తనలో తాను పెట్టుకున్న ఉత్తుత్తి చిరునామా, దాన్ని పట్టుకుని బయటివాళ్లెవరూ ఆ ఫోనును చేరలేరు. ఈ పొడవాటిదాని పేరు ఐపీవీ6. పాత చిరునామాలు అయిపోయాయి కాబట్టి ఇది వచ్చిందని అందరూ చెబుతారు. తేదీలు చూస్తే ఆ మాట నిలవదు.

1977లో ఇంటర్నెట్ రూపకర్తల్లో ఒకడైన వింట్ సెర్ఫ్ ప్రయోగం కోసమని చిరునామాకు 32 బిట్లు చాలనుకున్నాడు. 1981లో అదే ప్రమాణమై కూర్చుంది. మొత్తం 429 కోట్ల చిరునామాలు. ముందొచ్చినవాళ్లు దోసిళ్లతో పట్టుకుపోయారు. అమెరికాలోని ఎంఐటీ ఒక్కదానికే 1.67 కోట్లు దక్కాయి, అంటే 2011 నాటి లెక్కల్లో నేటి ఆంధ్రప్రదేశ్ జనాభాలో మూడో వంతుకు సమానం. ఇంజనీర్లు స్టీవ్ డీరింగ్, బాబ్ హిండెన్ 128 బిట్ల కొత్త ప్రమాణాన్ని 1995 డిసెంబరులోనే ప్రచురించారు. అందులో చిరునామాల సంఖ్య రాయాలంటే 34 పక్కన 37 సున్నాలు పెట్టాలి. 2011 ఫిబ్రవరి 3న పాతవాటి ఆఖరి మూటలు పంచేశారు. కొరతే కారణమైతే మార్పు ఆ ఏడాదే రావాలి. రాలేదు. కంపెనీలు ఒక్కో చిరునామా వెనక వందలమందిని సర్ది కాలక్షేపం చేశాయి. మన టెలికం శాఖ 2010లోనే మార్గసూచీ ఇచ్చినా పెద్ద కదలిక లేదు. 2016 సెప్టెంబరు 5న జియో సేవలు మొదలుపెట్టింది. దానికి 2జీ లేదు, 3జీ లేదు, కాపాడుకోవలసిన పాత యంత్రాలు లేవు, కోట్లమందికి సరిపడే పాత చిరునామాలూ లేవు. కొత్తదాని మీదే నెట్‌వర్కు కట్టుకుంది. పాత యాప్‌లను నడిపించే ఆ ఉత్తుత్తి చిరునామా పద్ధతి 2013కే సిద్ధంగా ఉంది. గూగుల్ కొలతల్లో నేడు భారత వినియోగదారుల్లో మూడింట రెండు వంతులకు పైగా ఐపీవీ6 మీదే ఉన్నారు. కొరత అవసరాన్ని పుట్టించింది, నిజమే. పని జరిగింది మాత్రం పాత బరువు లేనివాడు వచ్చాకే.

దీని అమరిక పిన్‌కోడ్ లాంటిది. 521175 జగ్గయ్యపేట, 521185 నందిగామ. దూరపు తపాలావాళ్లకు ముందున్న 521 చాలు, ఊరు తర్వాత తేలుతుంది. ఐపీవీ6లోనూ రౌటర్ 64 బిట్ల ముందుభాగాన్ని చాటుతుంది, మిగతా 64 బిట్లను పరికరమే తయారుచేసుకుంటుంది. మొదట్లో ఆ రెండో సగంలో పరికరపు శాశ్వత సంఖ్యను ఇమిడ్చేవారు. దాంతో మనిషి జాడ తీయొచ్చన్న అభ్యంతరం న్యాయమైనదే. అందుకే 2001లో తరచు మారే తాత్కాలిక చిరునామాలు వచ్చాయి.

పంచుకున్న చిరునామాయే గోడలా కాపాడుతుందని ఇంకో వాదం. కాపాడేది ఫైర్‌వాల్, అది కొత్త పద్ధతిలోనూ ఉంటుంది. పంచుకోవడానికి మూల్యం వేరు. ఒకడు తప్పుచేసి ఆ చిరునామా నిషేధానికి గురైతే, దాని వెనకున్న వందలమందికీ సైట్లు తలుపులేస్తాయి. ఎవరు ఎప్పుడు వాడారో కంపెనీ చిట్టా రాసుకుంటూ కూర్చోవాలి. నందిగామ పత్తి మిల్లులో సీసీ కెమెరాను యజమాని విజయవాడ నుంచి నేరుగా చూడలేడు, దృశ్యం తయారీదారు సర్వరు చుట్టూ తిరిగి రావాలి. తన బ్రాడ్‌బ్యాండ్ ఇలాంటిదేనా అని తెలుసుకోవాలంటే రౌటర్‌లో బయటివైపు చిరునామా చూడాలి. అది 100.64కూ 100.127కూ మధ్య మొదలైతే దాదాపు ఖాయం.

ఇలా చూస్తే చేతిలోని చౌక ఫోను ముందుంది, షాపులోని కేబుల్ కనెక్షనే చాలాచోట్ల వెనకబడింది. మోడెమ్‌లు పాతబడ్డాయి, మార్చాలంటే ఖర్చని చిన్న ఆపరేటర్లు చెప్పేది నిజమే. కానీ ఇటీవలి మోడెమ్‌లలో ఐపీవీ6 గడి ఎలాగూ ఉంటుంది. ఆపరేటరు పైనుంచి ముందుభాగం ఇవ్వనంతకాలం అక్కడ టిక్కు పెట్టినా రౌటర్ చాటడానికి ఏమీ ఉండదు.