అంబాసిడర్‌కు ఏ కార్బురేటరు?

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీ నగర్ కూడలి మీదుగా హయత్‌నగర్ దాటి విజయవాడ వైపు సాగే 65వ నంబరు జాతీయ రహదారి పేరుకు ఒకటే అయినా, కారు ఇంజనుకు మాత్రం అది రెండు రోడ్లు. చైతన్యపురి, కొత్తపేట, ఎల్బీ నగర్‌ల మధ్య బండి మెట్రో స్తంభాల పక్కన ఆగుతూ, కదులుతూ, మొదటి రెండు గేర్లలోనే ఎక్కువసేపు నడుస్తుంది. హయత్‌నగర్ దాటాక అదే బండి నాలుగో గేరులో గంటల తరబడి ఒకే వేగంతో పోగలదు. పాత అంబాసిడర్‌కో ప్రీమియర్ పద్మినికో కార్బురేటరునూ, దానిని మోసే ఇన్‌టేక్ మానిఫోల్డునూ మార్చాలనుకునే యజమాని గుర్రపు శక్తి అంకెల కన్నా ముందు తేల్చుకోవలసింది, ఆ కారు ఈ రెండు రోడ్లలో దేనిమీద ఎక్కువగా తిరుగుతుందన్న సంగతే.

కార్బురేటరు పని గాలిలో పెట్రోలును తగిన పాళ్ళలో కలపడం. దాని నడుమ వెంచురీ అనే ఇరుకైన మెడ ఉంటుంది. ఇంజను పీల్చే గాలి ఆ మెడలో వేగం పుంజుకున్నప్పుడు అక్కడ పీడనం పడిపోతుంది, ఆ పీడన భేదమే జెట్ అనే సన్నని రంధ్రం గుండా పెట్రోలును పైకి లాగుతుంది. అలా తయారైన మిశ్రమాన్ని సిలిండర్ హెడ్డులోని ద్వారాలకు పంచిపెట్టే లోహపు గొట్టాల పోతనే ఇన్‌టేక్ మానిఫోల్డు అంటారు. ఈ రెండింటినీ విడివిడిగా ఎంచుకోవడం కుదరదు. మానిఫోల్డు సరిగా పంచలేకపోతే ఎంత ఖరీదైన కార్బురేటరైనా ఒక సిలిండరుకు ఎక్కువ, మరొకదానికి తక్కువ పెట్రోలు పంపుతుంది.

తెలుగునాట మూడు తరాల పాటు కలెక్టరాఫీసుల ముందూ, పెళ్ళి ఊరేగింపుల్లోనూ, టాక్సీ స్టాండుల్లోనూ కనిపించిన అంబాసిడర్ బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో శ్రేణికి భారతీయ రూపం. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారా కర్మాగారంలో 1950ల చివర మొదలైన దాని తయారీ 2014లో ఆగిపోయింది. తొలినాటి సైడ్‌వాల్వ్ ఇంజను స్థానంలో 1959లో వచ్చిన 1489 సీసీ ఇంజను, బీఎంసీ బీ-సిరీస్ అనే బ్రిటిష్ కుటుంబానికి చెందినది. పాత అంబాసిడర్లలో ఎస్‌యూ కార్బురేటరు, తర్వాతి వాటిలో సొలెక్స్ కార్బురేటరు ఎక్కువగా కనిపిస్తాయి.

ఈ ఇంజనుకు ఏ మానిఫోల్డు నప్పుతుందో దాని హెడ్డు నిర్మాణమే చాలావరకు నిర్ణయిస్తుంది. సిలిండర్లు నాలుగు ఉన్నా గాలి లోనికి వచ్చే ద్వారాలు రెండే. ఒకటో సిలిండరుకూ రెండో సిలిండరుకూ కలిపి ఒకటి, మూడింటికీ నాలుగింటికీ కలిపి మరొకటి. సిలిండర్లు మండే వరుస ఒకటి, మూడు, నాలుగు, రెండు కాబట్టి, రెండో సిలిండరు పీల్చడం ముగిసీ ముగియకముందే పక్కనున్న ఒకటో సిలిండరు అదే ద్వారం నుంచి పీల్చడం మొదలుపెడుతుంది. ఆపైన క్రాంక్‌షాఫ్టు ఒక పూర్తి చుట్టు తిరిగేంతసేపు ఆ ద్వారానికి పని ఉండదు, అప్పుడు మూడు, నాలుగు సిలిండర్లు అవతలి ద్వారం నుంచి ఇదే తీరుగా ఒకదాని వెంట ఒకటి పీల్చుకుంటాయి. ఒకే ద్వారాన్ని పంచుకునే రెండు సిలిండర్లకూ మిశ్రమం అచ్చంగా సమానంగా అందకపోవడానికి కారణం ఇదే. సిలిండరుకొక కార్బురేటరు చొప్పున నాలుగు పెట్టే రేసు కార్ల పద్ధతి ఇక్కడ అర్థం లేనిది. ద్వారానికొకటి చొప్పున రెండు కార్బురేటర్లు ఈ హెడ్డుకు సహజమైన గరిష్ఠ పరిమితి.

ఆ పరిమితి దాకా వెళ్ళిన కారు 1950లలోనే ఉంది. బ్రిటన్‌లో తయారైన ఎంజీ మాగ్నెట్ జడ్‌ఏ అనే కారులో ఇదే 1489 సీసీ బీ-సిరీస్ ఇంజనుకు అంగుళంపావు ఎస్‌యూ కార్బురేటర్లను జంటగా అమర్చారు. ఆ ఇంజను శక్తి 60 గుర్రాలు, 1956లో వచ్చిన జడ్‌బీలో 68. అంబాసిడర్‌లోని 1489 సీసీ పెట్రోలు ఇంజను శక్తి 50 గుర్రాలకు అటూఇటూగా ఉండేది. ఈ తేడా అంతా రెండు కార్బురేటర్ల వల్లే వచ్చిందనుకుంటే పొరపాటు, ఎందుకంటే ఇంజను శక్తిని కంప్రెషన్ నిష్పత్తి, కామ్‌షాఫ్టు కూడా నిర్ణయిస్తాయి. జంట కార్బురేటర్లను మాత్రమే తెచ్చి బిగించి మిగిలినదంతా పాతదే ఉంచినవారికి మాగ్నెట్ శక్తి రాదు. వచ్చే కాస్త లాభమూ ఇంజను పైవేగంలోనే కనిపిస్తుంది, అది హయత్‌నగర్ ఇవతల అక్కరకు రాదు.

కార్బురేటరు పరిమాణం విషయంలో ఊహ కన్నా లెక్క మేలు. 1489 సీసీ ఇంజను నిమిషానికి 4,500 చుట్లు తిరిగేటప్పుడు, నాలుగు స్ట్రోకుల ఇంజను కనుక రెండు చుట్లకొకసారి తన ఘనపరిమాణం మేరకు గాలి పీల్చాలి. సిలిండర్లు 80 శాతమే నిండుతాయనుకుంటే అది నిమిషానికి దాదాపు 2,700 లీటర్లు. 25 మి.మీ. వెంచురీలో ఈ గాలి సెకనుకు 90 మీటర్ల వేగంతోనూ, 32 మి.మీ. వెంచురీలో 55 మీటర్ల వేగంతోనూ పోతుంది. పైవేగంలో పెద్ద మెడ గాలికి అడ్డు తగ్గించే మాట నిజమే. కాని పెట్రోలును లాగే పీడన భేదం గాలివేగపు వర్గాన్నిబట్టి మారుతుంది కనుక, మెడ వ్యాసం ఏడు మి.మీ. పెరిగితే ఆ లాగుడు శక్తి అన్ని వేగాల్లోనూ మూడో వంతుకు కాస్త ఎక్కువ స్థాయికి పడిపోతుంది. నిమిషానికి 1,500 చుట్ల దగ్గర, అంటే ఎల్బీ నగర్ సిగ్నలు పచ్చబడగానే డ్రైవరు యాక్సిలరేటరు తొక్కే క్షణాన, పెద్ద కార్బురేటరు పెట్రోలును సన్నని తుంపరగా కాక పెద్ద బొట్లుగా వదులుతుంది; ఆ బొట్లు మానిఫోల్డు గోడలకు అంటుకుంటాయి, బండి ఒక్క కుదుపు కుదిపి పికప్ లేకుండా ఆగిపోయినట్టవుతుంది. పెద్దది కొంటే బలం పెరుగుతుందన్న నమ్మకం పాత కారును చెడగొట్టగలదు. 1089 సీసీ పద్మినికి కావలసిన గాలి అంబాసిడర్ పీల్చే దానిలో మూడు వంతులకన్నా తక్కువ కాబట్టి, ఈ హెచ్చరిక దానికి మరింత గట్టిగా వర్తిస్తుంది.

ఎస్‌యూ కార్బురేటరు ఈ చిక్కును వేరే దారిలో పరిష్కరిస్తుంది. దానిలో మెడ స్థిరంగా ఉండదు. ఇంజను పీల్చే కొద్దీ ఒక పిస్టన్ పైకి లేచి దారిని వెడల్పు చేస్తుంది, దాని అడుగున వేలాడే మొనదేలిన సూది జెట్‌లోంచి పైకి వస్తూ పెట్రోలు దారినీ అంతే మేరకు పెంచుతుంది. గాలివేగం దాదాపు ఒకేలా ఉండడం వల్ల నెమ్మదైన ట్రాఫిక్‌లోనూ, రహదారి మీదా ఇది సమానంగా పనిచేస్తుంది. సొలెక్స్‌లో మెడ స్థిరం. ఐడిలింగ్‌కు పైలట్ జెట్, నడకకు మెయిన్ జెట్, హఠాత్తుగా తొక్కినప్పుడు పెట్రోలు చిమ్మే చిన్న పంపు విడివిడిగా ఉంటాయి. దీని జెట్ మీద ఉండే అంకె మిల్లీమీటరులో నూరో వంతుల్లో రంధ్రం కొలత కనుక, ఒక మెట్టు పెద్దదో చిన్నదో మార్చి చూడడం మెకానిక్కుకు తేలిక. ఎస్‌యూలో ఆ పని చాలావరకు సూది మార్చి చేయాలి. సూదిని ఎంచడం తెలిసిన చేతులు ఇప్పుడు తక్కువ.

కార్బురేటరు కొలతలు సముద్రమట్టం దగ్గరి చల్లని గాలికి వేసినవైతే, హైదరాబాదులో అవి కుదరవు. సుమారు 500 మీటర్ల ఎత్తున ఉన్న ఈ నగరంలో ఏప్రిల్, మే నెలల 40 డిగ్రీల ఎండలో గాలి సాంద్రత, 15 డిగ్రీల సముద్రమట్టపు గాలితో పోలిస్తే 13 శాతం తక్కువ. కార్బురేటరుకు గాలి బరువు తెలియదు, దాని వేగం మాత్రమే తెలుసు. అందువల్ల మిశ్రమంలో పెట్రోలు పాలు దాదాపు ఏడు శాతం ఎక్కువవుతుంది. దీనికి ఎదురుగా మరో మార్పు వచ్చింది. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్‌లోనే కొంత ఆక్సిజన్ ఉండడంతో పాత జెట్‌తో మిశ్రమం దాదాపు ఎనిమిది శాతం పలచనవుతుంది. ఎండాకాలపు మధ్యాహ్నం ఈ రెండు దోషాలూ ఒకదానినొకటి చాలావరకు సరిచేసుకుంటాయి. చలికాలపు తెల్లవారుజామున గాలి మళ్ళీ చిక్కబడుతుంది కనుక పలచదనమే మిగులుతుంది, బండి చోక్ లేకుండా కదలదు, వేడెక్కేదాకా తడబడుతుంది. వేసవిలో కుదిర్చిన జెట్టే డిసెంబరులో ఇబ్బంది పెట్టడానికి మెకానిక్కును నిందించవలసిన పని లేదు. ఇథనాల్ పాత రబ్బరు పైపులనూ, వాషర్లనూ ఉబ్బించి పగలగొడుతుంది. కొత్త కార్బురేటరుతో పాటు పెట్రోలు పైపులన్నీ మార్చడం తప్పనిసరి ఖర్చు.

వేడి మానిఫోల్డు వల్లా వస్తుంది. బీ-సిరీస్ ఇంజనులో గాలి వచ్చే వైపే పొగ బయటికి పోయే మానిఫోల్డు కూడా ఉంటుంది. చలి దేశంలో పెట్రోలు ఆవిరి కావడానికి ఆ పొరుగు వేడి మేలు చేసింది. దిల్‌సుఖ్‌నగర్‌లో అరగంట ట్రాఫిక్‌లో నడిచి, ఇంజను ఆపి, పది నిమిషాల తర్వాత మళ్ళీ తిప్పితే బండి పట్టుకోకపోవడానికి కారణం తరచుగా అదే వేడి. కార్బురేటరులో పెట్రోలు నిలవుండే ఫ్లోట్ చాంబరులో అది మరిగి మానిఫోల్డులోకి పొంగుతుంది. కార్బురేటరుకూ మానిఫోల్డుకూ మధ్య మందమైన బేకలైటు ముక్క, పొగ గొట్టానికి అడ్డంగా ఒక రేకు పెడితే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది.

చట్టం సంగతీ చూసుకోవాలి. 2021 జులైలో కేంద్రం ప్రకటించిన నిబంధనల ప్రకారం 50 ఏళ్ళు దాటిన వాహనాన్ని 20,000 రూపాయల రుసుముతో వింటేజ్ వాహనంగా నమోదు చేసుకోవచ్చు, దానికి వీఏ అక్షరాలున్న నంబరు ఇస్తారు. అయితే ఛాసిస్, బాడీ, ఇంజనులలో గణనీయమైన మార్పు ఉండకూడదు, ఆ కారును రోజువారీ అవసరాలకు నడపనూ కూడదు. ఆ నమోదు కోరుకునేవారు వెబర్ వంటి జంట నోళ్ళ కార్బురేటరు జోలికి పోకుండా అసలు మానిఫోల్డునే బాగుచేయించుకోవడం మంచిది. వేరేది బిగించినవారైనా పాత పోతను తుక్కుకు అమ్మేయకూడదు.

నగరంలో తిరిగే అంబాసిడర్‌కు అసలు మానిఫోల్డు మీద ఒకే కార్బురేటరు, అదీ అసలు పరిమాణంలోనిదే సరైనది. వారంవారం సూర్యాపేట దాకానో, విజయవాడ దాకానో పోయి వచ్చేవారు, ట్యూనింగ్‌కు ఓపిక ఉంటే, అంగుళంపావు ఎస్‌యూ జతను ఆలోచించవచ్చు. ఏది ఎంచినా కొనేముందు త్రాటిల్ షాఫ్టును వేళ్ళతో పట్టుకుని పైకీ కిందికీ కదిపి చూడాలి; అందులో ఆట ఉంటే అక్కడి నుంచి దొంగగాలి చొరబడుతుంది, అలాంటి కార్బురేటరుకు ఐడిలింగ్ ఎన్నటికీ నిలవదు. మానిఫోల్డు ముఖాన్ని తిన్నని ఉక్కు స్కేలుతో సరిచూసి, వంకర ఉంటే రాపించి, కొత్త ప్యాకింగ్ వేసి బిగించాలి. ఆ తర్వాత ఇంజను బాగా వేడెక్కాక హయత్‌నగర్ అవతలి ఖాళీ రోడ్డు మీద మూడో గేరులో కొంతసేపు నిలకడగా నడిపి, వెనుక వాహనాలేవీ లేనప్పుడు క్లచ్ తొక్కి ఇంజను ఆపి, బండిని పక్కకు తీసి నాలుగు ప్లగ్గులూ ఊడదీసి పక్కపక్కన పెట్టి చూడాలి. నాలుగూ లేత గోధుమరంగులో ఉంటే జెట్ కుదిరినట్టు, నాలుగూ నల్లబడితే పెట్రోలు ఎక్కువైనట్టు. ఒకటీ రెండూ ఒక రంగులో, మూడూ నాలుగూ మరో రంగులో ఉంటే జెట్‌ను ముట్టుకోకుండా మళ్ళీ మానిఫోల్డు ప్యాకింగ్ దగ్గరికే వెళ్ళాలి.