దీపం ఆరకముందే ఆకు ఏల వాలుతుంది?

యాంగోన్ నగర వీధులకు నీడనిచ్చే నిద్రగన్నేరు చెట్లను సంచౌంగ్ వైపు వెళ్ళిన మనవారు చూసే ఉంటారు. సూర్యుడు అస్తమించక మునుపే వాటి ఆకులు ముడుచుకొంటాయి. మన ఊళ్ళలోని చింతచెట్టుదీ అదే అలవాటు. వెలుగు తగ్గడమే ఇందుకు కారణమా?

1729లో ఫ్రెంచి ఖగోళ శాస్త్రజ్ఞుడు ద మెరాన్ అత్తిపత్తి వంటి మొక్కను చీకటిలో ఉంచి పరిశీలించాడు. ఎండపొడ సోకకున్నా ఆకులు పగలు విచ్చుకొని, రాత్రి ముడుచుకొన్నాయి. మొక్కలోనే సుమారు 24 గంటల గడియారమొకటి ఉన్నదని తరువాతి పరిశోధనలు నిరూపించాయి. ప్రతిదినం వెలుతురు ఆ గడియారాన్ని సరిదిద్దుతుంది.

నిద్రగన్నేరు ఆకుకాడల మొదట ఉబ్బెత్తు కీళ్ళుంటాయి. సాయంవేళ కీలుకు ఒక పక్కనున్న కణాలనుండి పొటాషియం అయాన్లు వెలుపలికి పోతాయి. వాటి వెంట నీరూ పోతుంది. ఆ పక్క మెత్తబడి, ఎదుటి పక్క బిగిసి, ఆకు వాలుతుంది. కీళ్ళు లేని మొక్కలలో కాడ పెరుగుదలలోని హెచ్చుతగ్గులే ఈ పని చేస్తాయి.

చలిదేశాలలో ఇంటిలోపల విద్యుద్దీపాల కింద మొక్కలు పెంచేవారికి ఈ సంగతి ముఖ్యం. రోజూ ఒకే వేళకు దీపం ఆర్పుతుంటే, ఆ వేళకు ముందే కొన్ని మొక్కలు ఆకులు వాలుస్తాయి. దాహమని భ్రమించి నీరు పోస్తూపోతే వేళ్ళకు గాలి అందక కుళ్ళిపోతాయి. ముందు కుండీ మట్టిని వేలితో తాకి చూడండి. తడి ఉండి, ఉదయానికి ఆకులు నిక్కితే అది నిద్రయే గాని జబ్బు కాదు.