కచేరీ బ్యాండులో క్యూబా లయ

కచేరీ బ్యాండు అంటే క్లారినెట్, ఫ్లూట్, ట్రంపెట్, ట్యూబా వంటి ఊదే వాద్యాలూ తాళవాద్యాలూ కలిసిన పెద్ద బృందం. ఇందులో వయొలిన్లు ఉండవు. ఇటువంటి బృందం వాయించే క్యూబా తరహా రచన మీకు అర్థం కావాలంటే, ముందు పట్టుకోవలసింది దాని వరస కాదు, 'క్లావే' అనే లయ.

క్లావే అంటే ఒకదానితో ఒకటి తాకించి మోగించే రెండు గట్టి కర్రలు. వాటిపై పలికే లయకూ అదే పేరు. 'సోన్' అనే క్యూబా శైలిలో ఈ లయ 16 సమాన మాత్రల్లో ఐదు దెబ్బలుగా వస్తుంది: 1, 4, 7, 11, 13. అంకెలకన్నా జతులు సులువు. 'తకిట తకిట తకధిమి తక తకధిమి' అని ఒకే వేగంతో పలుకుతూ, ప్రతి జతి మొదటి అక్షరం మీద చప్పట్లు కొట్టండి. చదివి వదిలేయకండి, నాలుగైదు ఆవృత్తాలు చేసి చూడండి. మొదటి ఎనిమిది మాత్రల్లో మూడు దెబ్బలు, తరువాతి ఎనిమిదిలో రెండు పడతాయి. అందుకే దీన్ని 3-2 క్లావే అంటారు. రెండో సగం ముందు వస్తే అది 2-3 క్లావే. పాట నడుస్తుండగా క్లావే తిరగబడితే క్యూబా వాద్యకారుల చెవికి అది తప్పే.

9వ మాత్ర మీద దెబ్బ లేదని గమనించారా? బ్యాండుకు చిక్కు అక్కడే వస్తుంది. కవాతు సంగీతానికి అలవాటుపడిన ట్యూబాలు, పెద్ద డ్రమ్ము ప్రతి సగం మొదటి మాత్రనూ బరువుగా నొక్కుతాయి. అప్పుడు స్వరాలన్నీ సరిగానే ఉంటాయి కాని నాట్యం పోతుంది.

అమెరికన్ స్వరకర్త జార్జ్ గెర్ష్విన్ 1932లో హవానా వెళ్లి వచ్చి 'క్యూబన్ ఓవర్చర్' రాశాడు. అది మొదట ఆర్కెస్ట్రా కోసం రాసినది. తరువాత బ్యాండుకు అనువదించారు. క్లావే, బొంగో, గ్విరో, మరాకస్ వాయించేవారిని వెనుక వరుసలో కాక నిర్వాహకుని ఎదుటే నిలపాలని అతడు స్వరపత్రంలో సూచించాడు. ఇది అలంకారం కోసం చేసిన పని కాదు, లయ అందరికీ వినిపించాలని.

డాన్సోన్ సంగతి కొంత వేరు. 1879లో మతాన్సాస్ నగరంలో మిగెల్ ఫైల్దె తొలి డాన్సోన్‌గా పేరుపడిన రచనను వినిపించాడు. అతడు స్వయంగా కార్నెట్ వాద్యకారుడు. ఆనాటి డాన్సోన్ బృందంలో కార్నెట్, ట్రాంబోన్, క్లారినెట్లదే పెద్ద పాలు, వయొలిన్లు రెండే. కాబట్టి డాన్సోన్ బ్యాండులోకి రావడం ఒక విధంగా పుట్టింటికి రావడమే. మెక్సికో స్వరకర్త అర్తూరో మార్కెజ్ 1994లో ఆర్కెస్ట్రాకు రాసిన 'డాన్సోన్ నం. 2' నేడు బ్యాండులు ఇష్టంగా వాయించే రచన.

అభ్యాసం: ఆ రచన బ్యాండు రూపాన్ని వినండి. ఆరంభంలో క్లారినెట్ ఆలపిస్తుండగా క్లావే కర్రల చప్పుడు గుర్తుపట్టండి. తరువాత అవి ఎక్కడ ఆగుతాయో, ఎక్కడ తిరిగి వస్తాయో రాసుకోండి.